చట్రాలవాడి ఖాతా పుస్తకం

నా ఖాతాలో ఆమె మొదటి పద్దు:
పద్దెనిమిది చట్రాలు, సన్న దేవదారు, అరువు.
పేరడిగితే గ్రసియెత్ అంది.
ఇంటిపేరు అడగలేదు, చేతులు చూశాను.
ఉప్పుమడుల్లో పెరిగిన చేతులు,
గోళ్ళ పక్కన పగుళ్ళు, పగుళ్ళలో నీలం.

అవేయిరోలో అప్పట్లో నూనె రంగుల బొమ్మలే బొమ్మలు.
గోడ మేకు వంగితే గాని విలువ ఉందని నమ్మని ఊరు.
"నీళ్ళకెవరమ్మా డబ్బిస్తారు?" అన్నాను.
"మా నాన్నకిచ్చారుగా.
ఆయనా నీళ్ళే అమ్మాడు, కాస్త ఎండబెట్టి."
ఆ మాటకే అరువిచ్చాను.

మొదటి ప్రదర్శన ఫైర్ స్టేషన్ హాల్లో.
ఎర్ర బండిని బయటికి తోసి మేకులు కొట్టాం.
మూడు ఆదివారాలు.
వచ్చినవాళ్ళు మా వైన్ తాగారు, రొట్టె తిన్నారు,
"ఎంత బాగున్నాయో!" అంటూ కోట్లు తొడుక్కున్నారు.
ఒక్కటే పోయింది.
ఉప్పుకుప్పల మీద సాయంకాలపు గులాబి వెలుగు,
పళ్ళ డాక్టర్ తెల్మో కొన్నాడు,
ఆయన వెయిటింగ్ రూమ్ కర్టెన్లకు సరిపోయిందట.
ఎర్ర చుక్క అంటించేటప్పుడు ఆమె వేలు వణికింది.
ఆ డబ్బు నా బాకీలో సగానికి కూడా రాలేదు.

తర్వాతి పేజీలు కొన్ని తడిసి అతుక్కుపోయాయి.
గుర్తున్నంత వరకు చెప్తాను.
మందుల షాపు గోడ. హోటల్ కారిడార్.
టూరిస్టుల కోసం అరచేతి సైజు పడవలు,
రోజుకు ఆరు, ఒక్కోసారి ఏడు.
పడవలంటే ఆమెకు ఒళ్ళుమంట.
"ఇవి నన్ను మోస్తున్నాయిలే, తిట్టకూడదు" అనేది.

పెద్ద కాగితం మాత్రం రాత్రి తడిపేది.
తడి ఆరకముందే
నాన్న మడి నుంచి తెచ్చిన గళ్ళుప్పు చల్లేది.
ఒక్కో గల్లు తన చుట్టూ ఉన్న రంగు తాగి
ఒక చిన్న మెరుపు మిగిల్చేది.
కొన్నవాళ్ళు వాటిని నక్షత్రాలనుకున్నారు,
ఆమె దిద్దలేదు.
తెల్ల రంగు ఆమె పెట్టెలో ఎప్పుడూ లేదు.
తెలుపు కావాలంటే కాగితాన్ని వదిలేసేది.

పోర్తో గ్యాలరీవాళ్ళు పిలిచారు.
సగం వాళ్ళ గోడకి, పావు నా చట్రానికి,
మిగిలిన పావులో రంగు, కాగితం, రైలు టికెట్, ఆమె.
"అన్సెల్మో, బొమ్మ వెయ్యడం కాదు,
ధర వెయ్యడం కష్టం" అంది ఓ రోజు,
నా కౌంటర్ మీద అంకె రాసి, కొట్టేసి,
మళ్ళీ అదే రాసి.

ఎస్కూడోలు పోయి యూరోలొచ్చాయి.
నా బాకీ తీరింది.
లిస్బన్‌లో తలుపులు తెరవకముందే గోడంతా ఎర్ర చుక్కలు,
తట్టు పోసిన పిల్లాడిలా ఉందని నవ్వింది ఫోన్లో.

ఆ నెలలోనే తెల్మో భార్య వచ్చింది, చంకలో పాత దేవదారు చట్రం.
ఇరవై రెండేళ్ళ కిటికీ ఎండకి
గులాబి మొత్తం ఎగిరిపోయింది.
బూడిద కుప్పలు, బూడిద ఆకాశం.
"మళ్ళీ కాస్త పూస్తుందేమోనని..."

గ్రసియెత్ చాలాసేపు చూసింది.
"అప్పుడు చౌక రంగే కొనగలిగాను.
నిలవదని తెలుసు. తెలిసే వేశాను."
తన ఇవాళ్టి ధర లెక్కపెట్టి కౌంటర్ మీద పెట్టింది.
ఆవిడ వద్దంది, ఈమె నెట్టింది,
ఆవిడ మళ్ళీ నెట్టింది, నోటొకటి నేల మీద పడింది.
చివరికి ఆవిడ కళ్ళు తుడుచుకుని బ్యాగు తెరిచింది.

నన్ను ఎర్ర చుక్క అడిగి
గాజు మీద తనే అంటించుకుంది గ్రసియెత్.
వేలు వణికిందో లేదో నేను చూడలేదు,
చట్రం వెనక మేకు సరిచేస్తున్నాను.

రాత్రి ఖాతా తెరిచాను.
జమలో రాయాలా, ఖర్చులోనా?
తేదీ వేశాను, పేరు రాశాను.
మిగతా గడిలో కాగితాన్ని
అలాగే వదిలేశాను.