ముప్పై ఐదు దగ్గర

ఫర్వానియాలో మందుల షాపు పక్క సందులో
మా టైపింగ్ అంగడి.
ఒక టేబులు, రెండు కుర్చీలు, ఒక ముసలి కంప్యూటరు.
బుధవారం నుంచీ దానికి ఒకటే జబ్బు:
ముప్పై ఐదు శాతం దాకా ఎక్కుతాది,
గట్టు కాడ మొండికేసిన ఎద్దు మాదిరి ఆడ్నే నిలబడి
"అప్‌డేట్ కాలేదు, చేసిన మార్పులు వెనక్కి తీస్తా ఉండాం,
కంప్యూటర్ ఆపొద్దు" అంటాది.

నాలుగు మాట్లు ఆపి పెడితి.
యాంటీవైరస్ పీకేస్తి.
దిగిన ముక్కలన్నీ చెరిపి మళ్లీ దించితి.
ఎర్రర్ నంబరు చీటీ మీద రాసుకొని
సాల్మియాలో ఉండే సుభాన్‌కు ఫోన్ చేస్తే
"చోటు లేదన్నా దాంట్లో, ఇరవై జీబీ ఖాళీ చెయ్" అన్యాడు.

ఖాళీ చేసేదానికి ఏముండాది?
పదకొండేండ్ల పాస్‌పోర్టులు.
చిట్వేలి గంగులప్ప. లక్కిరెడ్డిపల్లె దస్తగిరి.
ఫొటోలో కండ్లు మూసుకున్న ఒకామె,
మళ్లీ తీయించుకోమంటే పావు దినారు లేదనింది.
పోయినారు వాళ్లు, కొందరు ఇంటికి, కొందరు యాడికో.
ఒక్కొక్క పేరూ పెన్ డ్రైవ్‌లోకి పంపిస్తి.
డిలీట్ నొక్కే ముందర
ఎవరో వరసలో నిలబడి చూస్తా ఉన్నట్టుంటే
కుర్చీ కొంచెం పక్కకు తిప్పుకొని కూచుంటి.

అదే ఊపులో ప్లగ్గు పీకి, మూత తీసి దుమ్ము ఊదితి.
కువైట్ దుమ్ము, ఫ్యాను రెక్కల మీద
శనగపిండి మాదిరి పేరుకొని ఉండె.
మళ్లీ పెడితే ఈసారి ముప్పై ఐదు కూడా లేదు.
సర్వరు నన్ను నమ్మదంట.
సర్కారు సైటూ నమ్మదంట.
బాగు చేయబోయి ఇంకొంచెం చెడగొట్టేది
నా చేతికి పుట్టుకతో వచ్చిన విద్య.

శుక్రవారం రెండు గంటలకు ఓబుళమ్మ వచ్చె.
వచ్చే నెల పాస్‌పోర్టు గడువు.
నాలుగుకంతా మామా ఇంట్లో ఉండాల.
"సైటు తెరుచుకోలేదమ్మా" అంటి.
పోలేదు ఆమె. కూచొని స్క్రీను దిక్కే చూసె.
అక్షరం రాదు ఆమెకు.
"ఈ మూలన ఏంది నాయనా, డేటు అయిపోయిండాదే."

చూస్తి.
రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి.

"నీకెట్ల తెలిసె?"
"చదువు రాదు గానీ,
తొమ్మిదేండ్లుగా లబన్ డబ్బాల మీద అంకెలే గదా చూసేది.
ఒక్క దినం దాటినా నా నెత్తిన పోస్తాది మామా."

లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ,
చచ్చి ఎన్నాళ్లయిందో.
ప్లగ్గు పీకినప్పుడంతా
ఆ యేటికే పోయి కూచుంటా ఉండాది గడియారం.
ఎదురంగట్లో అర దినారు పెట్టి కొత్తది తెస్తి.
పిన్నుతో పాతది లేపి, నొక్కి, తేదీ సరిచేస్తి.
ఫారం తెరిచేలోగానే
అడక్కుండా, పెట్టకుండా అప్‌డేటు మొదలాయ!

పది. ఇరవై. ముప్పై ఐదు.
ఇద్దరం మాట్లాడలే. ఏసీ నీళ్లు బకెట్లో పడే చప్పుడు.
ముప్పై ఆరు.
"దాటె!" అని ఆమె నా భుజం మీద ఒకటి చరిచి,
నాలిక కరుచుకునె.

అరవై రెండు కాడ ఫోన్లో టైము చూసుకొని లేచె.
"ఇప్పుడు ఆపకూడదా దాన్ని?"
"ఆపకూడదమ్మా."
"సరే, నేనే పోతా లే."
జిరాక్సు కాగితం టేబులు మీద పెట్టి,
ఎగిరిపోకుండా దాని మీద పాత బ్యాటరీ పెట్టిపోయె.

మగ్రిబ్ బాంగు వేళకు నూరయింది.
దీపాలు వెలిగినంక ఫారం తెరిచి
ఆమె పేరు కొడితి, ఊరు కొడితి.
పుట్టిన తేదీ జనవరి ఒకటి.
గంగులప్పదీ అదే, దస్తగిరిదీ అదే.
యాడో ఒక గుమాస్తా, తెలీనోళ్లందరికీ
ఒకే దినం వేసినాడు.

దాన్ని మాత్రం
ఉన్నదున్నట్టే కొడితి.