స దగ్గర

వానాకాలం మోటార్లు కాలవు.
దాసన్నపేట సందులో నా వైండింగు కొట్టు
మూడు నెలలు ఈగలకొదిలేసి
ఈ పిచ్చి పట్టించుకున్నాను.

పిచ్చంటే ఇదీ:
తిరిగే పళ్ళెం మీద ఒక బిళ్ళ,
బిళ్ళ మీద నీలపు రాతి మొన,
మొన వెనక నేను చుట్టిన రెండు రాగిచుట్టలు.
గొంతు తగిలితే చుట్టలు వణుకుతాయి,
చుట్టలు వణికితే మొన వణుకుతుంది,
ఆ వణుకంతా గాడి అయిపోతుంది.
చెప్పడానికి ఇంతే.
చెయ్యడానికి కార్తీకం వచ్చేసింది.

రామినాయుడు లేతుకెక్కించి పళ్ళెం చెక్కి ఇచ్చాడు.
"ఎన్ని గుర్రాల మోటారుకిది?" అనడిగి
జవాబు విన్నాక డబ్బులు తీసుకోలేదు,
జాలిపడి.

మూతపడ్డ స్టూడియోలో
పెళ్ళి సీడీలు బస్తాడు, కిలో లెక్కన తెచ్చాను.
ఎవరివో తలంబ్రాల మీద
గీసుకుంటూ నేర్చుకున్నాను.
లోతు చాలకపోతే ముల్లుకి జారుడుబండ.
లోతెక్కువైతే గొంతుకి దుప్పటి.
గాడిలోంచి లేచే పోగు, సేమ్యా కన్నా సన్నం,
మొనకి చుట్టుకుందా, అంతే సంగతులు.
అందుకే నీలవేణి వాక్యూమ్ గొట్టం పట్టుకుని
పక్కనే కూచుని ఎక్కాలు చదువుకునేది.
నా మొదటి రికార్డులో, మైకు కట్టెయ్యడం మరిచి,
పదమూడో ఎక్కం పడింది,
పదమూడేళ్ళు తొంభై ఒకటి దాకా.

డప్పు వేస్తే గాడి పక్క గాడిని మింగేసింది.
ఎడం పెంచాను.
ఎడం పెంచితే పాట సగంలోనే బిళ్ళ అయిపోయింది.
అన్నిటికీ ఏదో ఒకటి చేశాను గానీ
స దగ్గర ఆగిపోయాను.

స అంటే మొనకి ప్రాణం మీదికొస్తుంది.
కన్ను మూసి తెరిచే లోపల
వెయ్యిసార్లు కొట్టుకోవాలి పాపం,
కొట్టుకోలేక చిందుతుంది,
కాలిన పెనం మీద నీళ్ళలాగ.
అందులోనూ మా వైపు నోళ్ళలో
చ కూడా వచ్చి స పక్కనే కూచుంది:
సెప్పు, సూడు, సాల్లే, సచ్చినోడా.
పైగా నా పేరు సన్యాసిరావు.
పొద్దున్నే సంగీతం కాలేజీ గోడ లోపల
చిన్నపిల్లలు స పట్టుకుని
ఎంతసేపైనా నిలబడగలరు.
నేనా రోడ్డున సైకిలు మానేశాను.

తేగల రోజులొచ్చాయి.
తవిటమ్మ గంప దించి అరుగు మీద చతికిలబడింది.
"ఏటి బాబూ, పిల్లకి గొట్టమిచ్చి కూకోబెట్టినావు?
తిండి సంగతేటి?"
ముందు పళ్ళు నాలుగు లేవు.
మైకు చేతికిచ్చి
రోజూ అరిచేదే అరవమన్నాను.

సన్న తేగలో, సలవ తేగలో, సవక తేగలో!

మూడు సలు. కళ్ళు మూసుకున్నాను.
మొన చిందలేదు.
ఆ పళ్ళ సందులోంచి స
సగం గాలై, మట్టలో తాటాకు ఒత్తిగిలినట్టు
మెత్తగా దాటి వెళ్ళిపోయింది.
నీలవేణి గొట్టంలోకి ఒకే పోగు,
మొదట్నుంచి చివరిదాకా.

వినిపించాను. తల పక్కకి వాల్చి వింది.
"ఆ ముసల్దెవులు?"
చెబితే నమ్మలేదు. మళ్ళీ వేస్తే నమ్మింది.
నమ్మి లెక్క కట్టింది:
"అయితే ఇది తిరిగితే సాలు,
నాను తిరగక్కర్నేదన్నమాట."
ఏం చెప్పాలో తోచక నేను చూస్తుంటే
"మరి డబ్బులెవులు పుచ్చుకుంటారు?
ఎత్తు బాబూ, గంపెత్తు" అంది.

ఎత్తాను.
నీలవేణి ఒళ్ళో రెండు తేగలు పడేసి వెళ్ళింది.

ఆ రాత్రి షట్టరు సగం దించి
కొత్త బిళ్ళ పెట్టాను.
ఎవరిదో అప్పగింతలు.
మైకుకి ఎదురుగా కాకుండా
నోరు కాస్త పక్కకి తిప్పి,
పళ్ళు లేనివాడిలా పెదాలు లోపలికి మడిచి,
నా పేరు చెప్పుకున్నాను.

మొదటి స గాడిలో దిగింది.
రెండోది కొంచెం చిందింది.
పరవాలేదు.