నెర్రె

ఫారంలో ఏడో గడి దగ్గర
పెన్ను ఆగిపోయింది.
"ప్రమాదానికి కారణమైన యంత్రం పేరు."

యంత్రం ఏముంది సార్.
ఒంగోలు, కర్నూలు రోడ్డు నర్సింగ్ హోమ్, మూడో అంతస్తు,
రాత్రి రెండున్నర.
లిఫ్టు చెడిపోయి వారం. వార్డుబాయ్ కొడుక్కి జ్వరం.
పదకొండో బెడ్డు మాలకొండయ్యకి
వీపు కింద పుండు పడకుండా
రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి.
చీమకుర్తి క్వారీలో బండ జారి
తొడ నుజ్జయిన మనిషి.
కాలు పోయినా బరువు పోలేదు.

"ఇంకోళ్ళని పిలువు సిస్టరమ్మా" అన్నాడు.
ఇంకోళ్ళంటే నేనే.
ముప్పై నాలుగు మంచాలకి నేనూ,
నర్సింగు రెండో సంవత్సరం పిల్ల ఒకతీ.
ఆ పిల్ల కింద క్యాజువాలిటీలో.

దుప్పటి అంచు పిడికిలికి చుట్టుకుని
ఒకటి, రెండు, మూడు...
నడుంలో టక్కుమంది.

నొప్పి తర్వాతొచ్చింది. ముందు చప్పుడే.
ఆయనా విన్నాడు.
ముప్పై ఏళ్ళు రాయి కొట్టిన చెవులు.
"అది నెర్రె చప్పుడమ్మా" అన్నాడు మెల్లగా.
"బండ లోపల పడద్ది. పైకి కనపడదు.
పాలిష్ పట్టినా తెలవదు.
ఎప్పుడో లారీకెత్తేటప్పుడు
రెండుగా విచ్చుకుంటది."

మంచం కమ్మీ పట్టుకుని నిలబడి
ఆయన బీపీ రాశాను.
నూట ముప్పై, ఎనభై ఆరు.
నాది ఎవరూ చూడలేదు.

పదకొండు వేల ఐదొందల జీతం.
నెలనెలా ఈఎస్ఐ కోత పడేది.
తీరా ఆ ఆఫీసుకి పోతే
కెజియా అనే పేరే లేదన్నారు.
మేనేజరుగారు మాత్రం కుర్చీ వేయించారు.
"నడుం నొప్పి ఎవరికి లేదమ్మా,
ఇంట్లో నీళ్ళ క్యాన్లు మోసుంటావు."
మోశాను. కాదనను.
నీళ్ళ క్యాను ఇరవై లీటర్లు సార్.
అది మూలగదు,
జారిపోతుంటే నా మెడ పట్టుకోదు.

స్కానింగుకి చెవికమ్మలు పోయాయి.
ఎల్ నాలుగుకీ ఎల్ ఐదుకీ మధ్య
డిస్కు జరిగిందట.
చర్చిలో మోకాళ్ళూనడం మానేశాను,
నిలబడే ప్రార్థన.
దేవుడు ఎందుకని అడగలేదు.
పక్క బెంచీ వాళ్ళు అడిగారు.

ఇవాళ కార్మిక శాఖ ఆఫీసులో మూడో వాయిదా.
"సాక్షులున్నారా?"
తలుపు దగ్గర చంకకర్ర చప్పుడు.
క్వారీ మీద ఆయన కేసే ఇంకా తేలలేదు,
అయినా పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు.
బెంచీ మీద కూలబడి, ఆయాసం తీరకుండానే
"రాసుకోండయ్యా" అన్నాడు.
"తొంభై రెండు కిలోలు.
ఆ యంత్రం గడిలో నా పేరెయ్యండి.
మాలకొండయ్య, నాయన పేరు నరసయ్య."

గుమాస్తా నవ్వాడు.
నాకూ నవ్వొచ్చింది గానీ
నవ్వితే నడుం లాగుతుంది.

వాయిదా మళ్ళీ ఇరవై ఆరుకి.
బెంచీ మీంచి లేవబోయి ఆయన తూలితే
పాడు అలవాటు,
నా చేతులు రెండూ ముందుకు పోయాయి.
"వద్దమ్మా" అన్నాడు, గోడ దొరకబుచ్చుకుంటూ.
"నువ్వు అట్టా జరుగు.
నేనే లేస్తా."