పనుల పట్టీ

ప్రకటనలు అయిపోయినంక
కళ్లద్దాలు తుడుచుకొని పట్టీ తీస్త.
రూళ్ల నోటుబుక్కు,
అట్ట మీద మా సంఘం పేరు, కింద ఏనుమాముల.

"శనివారం ఊడ్చుడు, ఎవరు?"
పైన ఫ్యాన్లు తిరుగుతయి.
"చాపలు దులుపుడు?"
ఎలీషా తన చెప్పుల దిక్కు చూస్తడు.
"ప్రభు బల్ల గిన్నెలు కడుగుడు?"
దెబోరమ్మకు అప్పుడే పసిపిల్ల యాదికొస్తది,
ఆ పిల్లకు పదకొండేండ్లు.
"ఎంజీఎంల పండుకున్న బర్నబాను చూసొచ్చుడు?"
"చూద్దాం సారూ."

చూద్దాం అనే మాట
మా సంఘంల ఆమెన్ కంటె గట్టిగ వినపడుతది.

పదహారేండ్ల సంది నేనే కార్యదర్శిని.
ఇంటికొచ్చి మా ఆమెతో అంట,
ఈ జనానికి కూసునుడు తప్ప లేసుడు రాదని.
ఆమె మాట్లాడది.
బల్ల గిన్నెలు కడిగి ఒక్కొక్కటి బోర్లిస్తుంటది.

ఇది మిర్చి సీజను.
తలుపు పక్కన, ఆఖరి చాప మీద
జన్ను సారమ్మ కూసుంటది.
యార్డుల కారిన మిర్చి ఊడ్చే కూలి.
ఎన్ని బక్కెట్లు పోసుకున్నా
చీరెల తేజ ఘాటు పోదు.
ముందర కూసుంటె పాట నడుమ తుమ్ములు.
మేమేం అనకుండనే ఆమె ఎనుకకు జరిగింది.
ఏం అనకుండుడు కూడ ఒక పనే,
అది అందరం కలిసి మంచిగ చేసినం.

పోయిన ఆదివారం పట్టీ మూస్తుంటె
ఆమె లేసి నిలవడ్డది.
"సారూ, నన్నెన్నడు అడగకపోతివి."
అందర్ని అడిగిన కదమ్మా, అన్న.
"నువ్వు అడిగేటప్పుడు
నీ కండ్లు నాలుగో చాప కాడనే ఆగుతయి."

పెన్ను మూత తీసిన.
ఊడ్చుడు పక్కన "జన్ను" దాక రాసిన.
"ఊడ్చుడు గాదు సారూ.
ఆరు రోజులు ఊడ్చుడే నా బతుకు.
నేను గంట కొడ్త."

గంట.
గంట నా పట్టీల లేదు.
వేప కొమ్మకు ఇనుప తీగెతో వేలాడే రైలు పట్టా ముక్క.
కాజీపేటల గ్యాంగుమన్ చేసిన మా నాయిన
భుజం ఒరుసుకపోంగ మోసుకొచ్చింది.
నాయిన కొట్టిండు, నేను కొడుతున్న,
మా సంసోనుగాడు సుత్తె అందుకునే ఎత్తుకు వచ్చిండు.
అది పని అని నేను ఎన్నడు అనుకోలే.
పని అయితె పట్టీల రాద్దును.

పైన ఫ్యాన్లు తిరుగుతున్నయి.
అందరు నా దిక్కే చూస్తున్నరు.
నేను నా చెప్పుల దిక్కు చూసిన.
"చూద్దాం" అన్న.

ఎవరో కిసుక్కుమన్నరు. ఎలీషానే కావొచ్చు.

శనివారం రాత్రి
సుత్తెను పాత తువ్వాలల చుట్టుకొని పోయిన.
ఆమె ఇంట్ల లేదు, యార్డుకు రాత్రి లోడు వచ్చిందట.
గడప కాడ పెట్టి
ఎత్తుకపోయినోని లెక్క జల్ది తిరిగొచ్చిన.

ఈ పొద్దు పావు తక్కువ ఏడుకే మోగింది.
నాయిన మూడు కొట్టి ఆగేది, మళ్ల మూడు.
ఆమె ఆగుతలేదు.
లారీ మీదికెల్లి బస్తా ఎనుక బస్తా దించినట్టు
దెబ్బ ఎనుక దెబ్బ.
సగం గడ్డం గీసుకొని బయటికి ఉరికిన.
గల్లీల ఎలీషా, నోట్ల ఏపపుల్ల,
"ఏమైంది సారూ, ఎవరన్న పోయిన్రా?"
ఎవరు పోలేదని చెప్పిన.

మందిరంల చాపలు అప్పటికే పరిచున్నయి.
ఎవరు పరిచిన్రో పట్టీల లేదు.
గోడకు ఆనిచ్చిన సుత్తెను అలవాటుగ చేతిలకు తీసుకొని
పిడి నిమిరి, మళ్ల అక్కడనే పెట్టిన.
తర్వాత మర్చిపోయి అదే చేత్తో కండ్లు తుడుచుకున్న.

మంట.
ప్రకటనల దాక నీళ్లు ఆగలే,
అచ్చరం కనపడలే.
దెబోరమ్మ లేసొచ్చి
నా చేతిలకెల్లి పట్టీ తీసుకున్నది.
మొదటి వరుస చదివి ఆగింది.
"ఊడ్చుడు కాడ జన్ను అని సగమే ఉన్నది,
ఇదేంది సారూ?"