ఆరు గంటలకు

క్లాక్స్‌విక్ రేవులో వాన తెరిపివ్వదు.
ఆ వానలోనే హానుస్ మాస్టారు
మా ఆరు తెడ్లనీ ఒక్క ఊపిరికి కట్టేవారు.
పొద్దున భిన్నాలు, సాయంత్రం పడవ.
రెంటికీ ఒకటే మాట:
"తొందరేం లేదు, తప్పెక్కడుందో చూడు."

కోటు జేబులో సుద్దముక్క, ఈల,
కూతురు రన్వాకి ఊడిన పాలపన్ను.
పందెం గెలిచిన రోజు మెచ్చుకోలేదు,
పడవ కడిగించారు.

ఒక్కటే మాకు గిట్టేది కాదు.
ఆరు కొట్టగానే, పోటీ రేపే అయినా సరే,
మమ్మల్ని నీళ్ళమీద వదిలేసి
ఇంటిదారి పట్టేవారు.

ఓసారి తిట్టుకుంటూ వెనకే వెళ్ళాను.
కిటికీలో బిల్లా,
వేళ్ళు కొయ్యబారి చాలా ఏళ్ళయింది ఆవిడకి.
వెనక నిలబడి ఆయన,
మూడు పాయలు,
పెదాలతో లెక్కపెట్టుకుంటూ
జడ అల్లుతున్నారు.
తప్పు పోతే విప్పి, మళ్ళీ మొదట్నించి.
ఎవరికీ చెప్పలేదు నేను.

ఇవాళ సమాధుల దగ్గర ఒకటే గాలి.
బిల్లా తెల్లజుట్టు విడివడి
ముఖం నిండా ఎగురుతోంది.
పడవకి పడే ప్రతి ముడీ
ఆయన చేతికిందే నేర్చినవాళ్ళం,
ఆరుగురం, నలభై దాటిన మగవాళ్ళం,
జేబుల్లో చేతులు పెట్టుకుని
నిలబడ్డాం.