గుండు, బద్ద, ముక్క

పలాస జీడి ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు
పప్పు ఏరింది బొమ్మాళి కామమ్మ.
గుండు, బద్ద, ముక్క —
చూపు ఆనితే చాలు, రకం తేలేది.

శ్రీకాకుళం ఆసుపత్రిలో ఈ పూట
ఆమె తల్లోంచి తీసిన ఆవగింజంత ముక్క మీద
నేను లేజరు వేస్తున్నాను.
వెలుగు ఎలా పోయిందో అలాగే తిరిగొస్తుంది.
కోటికొక్క రేణువు మాత్రం
లోపల ఎవరినో తాకి
రంగు మారి వస్తుంది.
దానికోసమే గదికి నల్లగుడ్డలు.

తెర మీద కొవ్వు గీత కుంగింది.
పక్కది లేచింది.
రెండో రకమా, మూడా?

నిన్న జీడి రసం వదలని వేళ్లు చాచి
తనే అడిగింది: "నాది ఏ రకవేటి బాబూ?"
తప్పించుకోడానికి నేనడిగాను —
పప్పు ఏరుతుంటే అనుమానం రాదా?
"వొస్తాది. మల్లీ ఎలుతురుకి పట్టి సూత్తాను."

పడుతున్నాను, కామమ్మా.
మళ్లీ.