నీళ్లు మాత్రమే

మార్చి రెండో వారం హొరమావులో మా బోరు దగ్గింది,
రెండుసార్లు గాలి కక్కి ఊరుకుంది.
అరవై నాలుగు ఫ్లాట్లకీ కలిపి ఒక గ్రూపు పెట్టాను.
పేరు: నీళ్లు మాత్రమే.
ఆ ‘మాత్రమే’ని ఎంత నమ్మానో!

ఒక్కరోజు ట్యాంకరు వేళలే నడిచాయి.
మర్నాడు తెల్లవారుజామున నాలుగూ యాభైకి
నంజుండయ్యగారి మల్లెదండ, దాని కింద శుభోదయం.
ఆ వెనకే ముప్పై ఒక్క నమస్కారాలు.
కురియకోస్ పిల్లి కనపడటం లేదు.
తిలకవతి దోసెల పిండి, కిలో ఎనభై.
ఎవరో ఎన్నికల మాటెత్తారు,
ఇంకెవరో నీదే ఊరన్నారు.
ఇది నీళ్ల గ్రూపండీ, అంటే
పిల్లి నీళ్లు తాగదా అన్నారు,
పిండిలో నీళ్లు పొయ్యరా అన్నారు.
తాడిచెట్టెక్కిన ప్రతివాళ్ల దగ్గరా
దూడగడ్డి సిద్ధంగా ఉంది.

గురువారం, నూట నలభై మూడు సందేశాల అడుగున
‘ట్యాంకరు గేటు దగ్గరుంది, పది నిమిషాలే ఆగుతాడట’
మునిగిపోయింది.
సంపు తాళంచెవి ఉన్న బసవరాజు అప్పుడు
పిల్లి ఫొటోకి బొటనవేలు చూపిస్తున్నాడు.
కుళాయిలో చుక్క లేదు.
చేతిలో వరద.

ఆ రాత్రే గొళ్లెం పెట్టాను:
ఇకమీదట రాసేది అడ్మిన్ మాత్రమే.
నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది,
అప్పుడే తుడిచిన గచ్చులా.
ఎవరి పాదమైనా పడితే
తిట్టాలనిపించేంత హాయి.

‘నీకెవరిచ్చారమ్మా ఈ పెత్తనం?’
లిఫ్టులో, నాలుగో అంతస్తు నుంచి కిందిదాకా.
పదకొండింటికల్లా ఇంకో గ్రూపు పుట్టింది, ‘అందరి నీళ్లు’.
అందులో నేను లేను.
మూడోరోజు దానికీ గొళ్లెం పడిందని విన్నాను,
సంతోషించాను కూడా.

శనివారం నాలుగూ యాభైకి కాలింగు బెల్లు.
తలుపు కంట్లోంచి చూస్తే నంజుండయ్య,
మఫ్లరు, చేతిలో ఫోను.
తగువు మెట్లెక్కి వచ్చిందనుకున్నాను.
లైటార్పి, తలుపు వెనకే ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.
మూడుసార్లు కొట్టాడు. నాలుగోసారి కొట్టలేదు.

ఆరింటికి కిందికి దిగితే
వాల్వు ఊడిన సంపు,
రాత్రి పోయించిన పన్నెండు వేల లీటర్లు
రోడ్డు దాటి, బొండాల బండి కిందుగా
రాజకాలువ వైపు తాపీగా పోతున్నాయి.
పెద్దాయన తన తుండుగుడ్డ గొట్టంలో కుక్కుతూ
మోకాళ్లదాకా తడిసి ఉన్నాడు.
‘చెబుదామనే…’ అన్నాడు.
తిట్టినా బాగుండేది.

గొళ్లెం తీసేశాను.
ఆదివారం నాలుగున్నరకే మెలకువ వచ్చింది.
ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను.
నాలుగూ యాభై.
నాలుగూ యాభై ఐదు.
మల్లెదండ రాలేదు.

ఐదూ పదికి తిలకవతి:
దోసెల పిండి, కిలో ఎనభై ఐదు.
అరకిలో నాకు, అని రాశాను,
అందరూ చూసేచోటే.